టార్‌లో దేశం మార్చే ‘ట్రిక్’ జోలికి ఎందుకు పోవద్దంటున్నానంటే…

యూట్యూబ్‌లో టార్ బ్రౌజర్ సెట్టింగ్స్ తెలుగులో అని కొట్టి చూడండి. వచ్చే వీడియోల్లో సగం ఒకేలా ఉంటాయి. ఒక అన్న టార్ ఫోల్డర్‌లోకి వెళ్ళి, టార్‌ఆర్‌సీ అనే ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో ఓపెన్ చేస్తాడు. కింద రెండు లైన్లు అతికిస్తాడు. సేవ్ చేసి బ్రౌజర్ మళ్ళీ తెరిచి, ఐపీ చూపించే సైటుకు పోతాడు. అక్కడ జర్మనీ జెండా కనపడుతుంది. “చూశారా ఫ్రెండ్స్, ఇప్పుడు మనం జర్మనీలో ఉన్నాం, మనల్ని ఎవ్వరూ పట్టుకోలేరు!” కామెంట్లలో మంటల ఎమోజీలు.

ట్రిక్ పనిచేస్తుంది, అందులో అబద్ధం లేదు. జెండా నిజంగానే మారుతుంది. కానీ “ఎవ్వరూ పట్టుకోలేరు” అనే రెండో ముక్క ఉంది చూడండి, అది తప్పు మాత్రమే కాదు, పూర్తిగా రివర్స్. ఆ రెండు లైన్లు లేనప్పుడు మీరు ఎంత సేఫ్‌గా ఉన్నారో, ఉన్నప్పుడు అంతకంటే తక్కువ సేఫ్‌గా ఉంటారు. మడికొండ ఐటీ పార్క్ దగ్గర చాయ్ తాగేటప్పుడు, కాలేజీ జూనియర్లు వాట్సాప్‌లో పింగ్ చేసినప్పుడు, ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. “అన్నా, ఏ దేశం పెడితే బెస్ట్?” నా జవాబు ఒక్కటే. ఏ దేశమూ పెట్టొద్దు. ఎందుకో ఈసారి కాస్త వివరంగా చెప్తా.

ముందు ఒక మాట. ఇది డార్క్ వెబ్ కుర్రాళ్ళ గోల, మనకెందుకు అనుకోకండి. 2024 మార్చిలో హైదరాబాద్‌లో ఫోన్ ట్యాపింగ్ కేసు నమోదైనప్పటి నుంచి మన దగ్గర మామూలు జనం కూడా “మన ఫోన్ ఎవరైనా వింటున్నారా” అని అడగటం మొదలెట్టారు. ఎస్ఐబీలో హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్న ఆరోపణతో మొదలై, నాయకుల ఫోన్లు, జర్నలిస్టుల ఫోన్లు విన్నారన్న ఆరోపణల దాకా పోయింది. అవన్నీ కోర్టులు తేల్చాల్సినవి. పైగా టార్ ఫోన్ కాల్స్‌ని కాపాడదు, ఆ కేసుకీ టార్‌కీ నేరుగా లింకు లేదు. కానీ భయపడ్డ మనిషి ఫోన్ పట్టుకుని “ప్రైవసీకి ఏం వాడాలి” అని వెతుకుతాడు కదా, అప్పుడు తగిలేది ఈ వీడియోలే. నిజంగా దాక్కోవాల్సిన అవసరం ఉన్న మనిషికి తప్పుడు సలహా దొరికితే నష్టం మామూలుగా ఉండదు.

మూడు హాప్‌ల సంగతి

తెలిసినవాళ్ళు ఈ పేరా దాటేయండి. 1990ల మధ్యలో అమెరికా నేవల్ రీసెర్చ్ ల్యాబ్‌లో పుట్టిన ఆనియన్ రౌటింగ్ అనే ఐడియా మీద టార్ నడుస్తుంది. రోజర్ డింగిల్‌డైన్, నిక్ మాథ్యూసన్ లాంటివాళ్ళు దాన్ని అందరూ వాడే సాఫ్ట్‌వేర్‌గా మార్చారు. 2006లో టార్ ప్రాజెక్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది. మీ ట్రాఫిక్ మూడు కంప్యూటర్ల గుండా పోతుంది. మొదటిది గార్డ్. దానికి మీ ఐపీ తెలుసు, మీరు ఏ సైటుకు పోతున్నారో తెలియదు. చివరిది ఎగ్జిట్. దానికి సైటు తెలుసు, మీరెవరో తెలియదు. మధ్యలో ఉన్నదానికి రెండూ తెలియవు. ఈ కంప్యూటర్లని వాలంటీర్లు, కొన్ని సంస్థలు ప్రపంచమంతా నడుపుతుంటారు.

ఇందులో ఏ మూడింటిని ఎంచుకోవాలో టార్ ఏదో లాటరీ తీసినట్టు నిర్ణయించదు. ఎక్కువ బ్యాండ్‌విడ్త్ ఉన్న రిలేలకు ఎక్కువ అవకాశం ఇస్తుంది. ఒకే సర్క్యూట్‌లో ఒకే ఓనర్‌వి అని ప్రకటించిన రెండు రిలేలు రాకుండా చూస్తుంది. దగ్గరి ఐపీ రేంజ్‌లో ఉన్నవి రెండు కలవకుండా చూస్తుంది. గార్డ్‌ని మాత్రం ఊరికే మార్చదు, నెలల తరబడి అదే ఉంచుతుంది. ఎందుకంటే రోజుకో కొత్త గార్డ్ అయితే ఏదో ఒకరోజు చెడ్డవాడి చేతిలో పడటం ఖాయం. బ్రౌజర్‌లో ‘న్యూ సర్క్యూట్’ నొక్కినప్పుడు మిగతా రెండూ మారి మొదటిది అలాగే ఉండటం చూసి “బగ్ ఉంది అన్నా” అని మెసేజ్ పెట్టేవాళ్ళకు ఇదే జవాబు. అది బగ్ కాదు.

ఈ ఎంపిక వెనక ఇరవై ఏళ్ళకు పైగా రీసెర్చ్ ఉంది. టార్‌ఆర్‌సీలో రెండు లైన్లు రాయడం అంటే ఆ రీసెర్చ్‌ని పక్కనబెట్టి “నాకు బాగా తెలుసు, జరగండి” అనడమే.

ఆ రెండు లైన్లు నిజంగా చేసేదేంటి

వీడియోల్లో మొదటి లైన్ ఎగ్జిట్‌నోడ్స్, దాని పక్కన ఫ్లవర్ బ్రాకెట్లలో రెండక్షరాల దేశం కోడ్. జర్మనీకి డీఈ, సింగపూర్‌కి ఎస్‌జీ, మనకి ఐఎన్. రెండో లైన్ స్ట్రిక్ట్‌నోడ్స్ 1. “ఈ రెండో లైన్ పెట్టకపోతే మొదటిది పనిచేయదు ఫ్రెండ్స్” అని ఒత్తి ఒత్తి చెప్తారు.

టార్ మాన్యువల్ తెరిచి చదివితే అందులో ఉన్నది వేరు. స్ట్రిక్ట్‌నోడ్స్ అనేది ఎక్స్‌క్లూడ్‌నోడ్స్ అనే ఆప్షన్‌కి మాత్రమే వర్తిస్తుంది, ఎగ్జిట్‌నోడ్స్‌కి వర్తించదు అని స్పష్టంగా రాసి ఉంది. అంటే ఇన్నేళ్ళుగా వీడియో నుంచి వీడియోకి కాపీ అవుతూ వస్తున్న ఆ రెండో లైన్ వల్ల మొదటి లైన్‌కి ఒరిగేది ఏమీ లేదు. ఎగ్జిట్‌నోడ్స్ రాశారంటే బయటి సైట్లకు పోయే ట్రాఫిక్‌కి టార్ ఆ లిస్టులోంచే వెతుకుతుంది, దొరక్కపోతే పేజీ తెరుచుకోదు. డాట్ ఆనియన్ సైట్లకు పోయేటప్పుడు ఎగ్జిట్ అనేదే ఉండదు కాబట్టి ఆ లైన్‌కి అక్కడ పనే లేదు. అయినా “డార్క్ వెబ్ సేఫ్టీకి ఈ సెట్టింగ్ తప్పనిసరి” అని థంబ్‌నెయిల్. డాక్యుమెంటేషన్ చదివే అలవాటు బీటెక్‌లో మనకెవరూ నేర్పలేదనుకోండి, అది వేరే కథ.

టార్ ప్రాజెక్ట్ సపోర్ట్ పేజీలో కూడా దీని గురించి దాపరికం ఏమీ లేదు. ఇవి వాడొద్దనే మా సిఫార్సు, రూట్ ఎంపికని టార్‌కే వదిలేస్తేనే మంచి భద్రత, మీరు వేలు పెడితే అజ్ఞాతం ఎలా దెబ్బతింటుందో మాకే పూర్తిగా అర్థం కాదు అన్న అర్థంలో రాశారు. ఒక టూల్ తయారుచేసినవాళ్ళే “ఇది తిప్పొద్దు” అంటుంటే, పదివేల సబ్‌స్క్రైబర్ల అన్న “తిప్పండి” అంటున్నాడు. మనవాళ్ళు అన్న మాటే వింటారు.

గుంపులో గోవిందా

టార్ బలం ఎన్‌క్రిప్షన్‌లో ఉందనుకుంటారు చాలామంది. ఎన్‌క్రిప్షన్ వాట్సాప్‌లోనూ ఉంది. టార్ అసలు బలం గుంపు. మేడారం జాతరలో తప్పిపోయిన పిల్లాడిని వెతకడం ఎంత కష్టమో వరంగల్ జనానికి వేరే చెప్పక్కర్లేదు. అంతమందిలో అందరూ ఒకేలా కనపడతారు. అందుకే టార్ బ్రౌజర్ విండో సైజు నుంచి ఫాంట్ల దాకా అందరికీ వీలైనంత ఒకేలా కనపడేట్టు చేస్తుంది. విండోని ఫుల్ స్క్రీన్ చేస్తే చుట్టూ ఖాళీ అంచులు వదిలేది కూడా అందుకే.

ఇప్పుడు మీరు ఒక చిన్న దేశం కోడ్ పెట్టారనుకోండి. లెక్క సులువుగా ఉండటానికి, ఆ దేశంలో ఐదే ఎగ్జిట్లు ఉన్నాయి అనుకుందాం. మిగతా టార్ యూజర్లు ఒక ఫోరమ్‌కి ఈరోజు నెదర్లాండ్స్ నుంచి, రేపు రొమేనియా నుంచి, ఎల్లుండి అమెరికా నుంచి వస్తుంటారు. మీరు మాత్రం ఎప్పుడు వచ్చినా ఆ ఐదింటిలో ఒకదాని నుంచే వస్తారు. పది రోజులు లాగ్ చూసిన అడ్మిన్‌కి “ఎవడో ఒకడు కావాలని ఈ దేశం పెట్టుకున్నాడు” అని అర్థమైపోతుంది. మీరు అకౌంట్లు మార్చినా, కుకీలు చెరిపినా, ‘న్యూ ఐడెంటిటీ’ నొక్కినా ఆ అలవాటు చెరగదు. జాతరలో అందరూ పసుపు బట్టల్లో ఉంటే మీరొక్కరే ఆరెంజ్ హెల్మెట్ పెట్టుకుని తిరుగుతున్నట్టు. మొహం కనపడదు నిజమే. కానీ ఆ హెల్మెట్ గద్దెల దగ్గర కనపడినా, జంపన్న వాగు దగ్గర కనపడినా అది మీరే.

రెండో సమస్య ఇంకా చికాకైంది. ఆ ఐదింటిలో మూడు ఒకే మనిషి నడుపుతున్నవి అయితే? ప్రపంచంలోని ఎగ్జిట్లన్నిటినీ కొనాలంటే ఎంత పెద్ద సంస్థకైనా చెమటలు పడతాయి. ఒక చిన్న దేశంలో మూడు సర్వర్లు అద్దెకు తీసుకోవాలంటే ఒక మంచి ఫోన్ ఈఎంఐ అంత ఖర్చు. మీరు మొత్తం గుంపుని వదిలి చిన్న గదిలోకి వచ్చారు, ఆ గది తలుపు దగ్గర ఎవరు నిలబడ్డారో మీకు తెలియదు.

ఎగ్జిట్ చేతిలో ఏముంటుంది

ఇది ఊహ కాదని చెప్పడానికి రెండు ఉదాహరణలు. 2007లో స్వీడన్‌కి చెందిన డాన్ ఎగర్‌స్టాడ్ అనే సెక్యూరిటీ రీసెర్చర్ ఐదు టార్ ఎగ్జిట్లు పెట్టుకుని కూర్చున్నాడు. వాటిగుండా ఎన్‌క్రిప్షన్ లేకుండా పోతున్న ఈమెయిల్ లాగిన్లు చూశాడు. తర్వాత ప్రపంచవ్యాప్తంగా ప్రభుత్వాలకు, ఎంబసీలకు చెందిన వంద అకౌంట్ల పాస్‌వర్డ్‌లు నెట్‌లో పెట్టేశాడు. ఆ లిస్టులో మన భారత ఎంబసీలవీ ఉన్నాయి, డీఆర్‌డీఓ పేరూ ఉంది. టార్ వాడితే అంతా సీక్రెట్ అనుకుని, మెయిల్‌కి మాత్రం ఎన్‌క్రిప్షన్ పెట్టకపోతే జరిగేది అదే.

రెండోది 2020. న్యూసెను అనే పేరుతో టార్ రిలేలని గమనించే ఒక రీసెర్చర్ బయటపెట్టాడు. ఒకే గుంపు ఒక దశలో మొత్తం ఎగ్జిట్ కెపాసిటీలో 23 శాతానికి పైగా తన చేతిలో పెట్టుకుంది. వాళ్ళ పని హెచ్‌టీటీపీఎస్‌ని పీకేసి క్రిప్టో సైట్లకు పోయేవాళ్ళ వాలెట్ అడ్రస్‌లు మార్చడం. మొత్తం నెట్‌వర్క్‌లోనే అంత వాటా సంపాదించగలిగినప్పుడు, ఒక్క దేశంలో ఎంత సులువో మీరే చూసుకోండి. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ హెచ్‌టీటీపీఎస్, టార్ బ్రౌజర్ కూడా హెచ్‌టీటీపీఎస్ లేని పేజీ వస్తే హెచ్చరిస్తుంది. పాత రోజులంత ప్రమాదం లేదు. కానీ ఏ సైటుకు పోతున్నారు, ఎప్పుడు పోతున్నారు, ఎంత డేటా పోతోంది అన్నది ఎగ్జిట్‌కి ఇప్పటికీ కనపడుతుంది.

బావ, భూమి రికార్డు, ఐఎన్ కోడ్

దేశం మార్చే కోరిక అందరికీ దాక్కోవడానికే రాదు. డల్లాస్‌లో ఉన్న మా బావ ఒకరోజు రాత్రి ఫోన్ చేశాడు. ఊళ్ళో భూమి వివరాలు ఏదో ప్రభుత్వ సైటులో చూడాలట, అక్కడి నుంచి ఆ సైటు తెరుచుకోవట్లేదట. మన దగ్గర కొన్ని ప్రభుత్వ సైట్లు విదేశీ ఐపీలని బ్లాక్ చేస్తాయి, ఎన్నారైలకు ఇది పాత బాధే.

“ఏం రా బామ్మర్ది, టార్‌లో ఇండియా పెడితే తెరుచుకుంటదట కదా?”

“పెట్టొచ్చు బావా. లాగిన్ ఎట్ల చేస్తవ్?”

“ఆధార్‌కి లింకైన నంబర్‌కి ఓటీపీ వస్తది.”

“మరి నీ పేరు నువ్వే చెప్పుకుంట లోపలికి పోతున్నవ్. ఇంక టార్ ఎందుకు బావా?”

బావ నవ్వాడు కానీ ప్రశ్న సీరియస్. టార్ పని ‘మీరెవరో తెలియకుండా’ చేయడం. ఆధార్ ఓటీపీ పని ‘మీరెవరో తేల్చడం’. రెండూ ఒకే ట్యాబ్‌లో పెడితే మీకు మిగిలేది స్లో ఇంటర్నెట్, మధ్యలో ముక్కూమొహం తెలియని ఎగ్జిట్ ఆపరేటర్. మామయ్య మర్నాడు మీసేవకు పోయి కాగితం తెచ్చి ఫోటో పంపించాడు, కథ ముగిసింది.

సరే, లాగిన్ సంగతి పక్కనబెట్టినా ఐఎన్ కోడ్‌తో ఇంకో చిక్కుంది. టార్ మెట్రిక్స్ సైటులో రిలే సెర్చ్ అని ఉంటుంది, ఏ దేశంలో ఎన్ని ఎగ్జిట్లు నడుస్తున్నాయో ఎవరైనా చూడొచ్చు. జర్మనీ, అమెరికా లాంటిచోట్ల వందల్లో ఉంటే ఇండియావి వేళ్ళ మీద లెక్కపెట్టేంత. అంటే నేను పైన చెప్పిన చిన్న గది ఉదాహరణ మన దేశానికి అచ్చంగా సరిపోతుంది.

ఎందుకు ఇంత తక్కువ? ఎగ్జిట్ నడపడం అంటే వేరేవాళ్ళు చేసిన పనులకు మీ ఐపీ అడ్రస్ సాక్ష్యంగా నిలబడటం. రష్యాలో 2017 ఏప్రిల్‌లో డిమిత్రీ బొగాతోవ్ అనే మ్యాథ్స్ టీచర్‌ని అరెస్ట్ చేశారు. ఆయన ఇంట్లో నడుస్తున్న టార్ ఎగ్జిట్ నుంచి ఎవరో పెట్టిన పోస్టులు ఆయనవే అన్నారు. నెలల తరబడి జైలు, హౌస్ అరెస్ట్, 2018లో గానీ కేసు పోలేదు. మన దేశంలో అయితే టార్ కూడా అక్కర్లేదు. 2007లో బెంగళూరుకు చెందిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ ఆర్కుట్‌లో శివాజీ గురించి ఎవరో పెట్టిన పోస్టుకి యాభై రోజులు జైల్లో ఉన్నాడు. టెలికాం కంపెనీ ఇచ్చిన ఐపీ వివరాలు తప్పు, అంతే. ఐపీ అంటే మనిషి అని నమ్మే చోట, పక్కవాడి ట్రాఫిక్‌ని నా ఐపీ మీద వేసుకుంటా అని ముందుకు వచ్చేవాళ్ళు ఎంతమంది ఉంటారు?

దానికి తోడు 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు. వీపీఎన్ కంపెనీలు, డేటా సెంటర్లు, వీపీఎస్ ఇచ్చేవాళ్ళు కస్టమర్ల పేరు, అడ్రస్, ఐపీ లాంటివి ఐదేళ్ళు దాచిపెట్టాలి. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్‌వీపీఎన్ వరసగా ఇండియా నుంచి సర్వర్లు ఎత్తేశాయి. ఎత్తేసి ఏం చేశాయి? ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ యాప్‌లో ఇండియా అని ఎంచుకుంటే భారతీయ ఐపీ వచ్చేట్టు, సర్వర్ మాత్రం సింగపూర్‌లోనో యూకేలోనో ఉండేట్టు పెట్టింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. జెండా ఇండియాది. మెషీన్ సింగపూర్‌లో. అంటే మనం ఇంతసేపూ మాట్లాడుకుంటున్న ‘దేశం’ అనేదే ఒక డేటాబేస్‌లో రాసిన ఎంట్రీ. టార్ కూడా తనతోపాటు వచ్చే జియోఐపీ ఫైల్ చూసే ఈ రిలే ఫలానా దేశంది అనుకుంటుంది. మీరు పోయే సైటు ఇంకో కంపెనీ డేటాబేస్ చూస్తుంది. రెండూ కలవకపోతే మీరు టార్‌లో జర్మనీ పెట్టినా సైటు మిమ్మల్ని వేరే దేశం అంటుంది. దేశమే తెలియని రిలేలకు టార్‌లో రెండు క్వశ్చన్ మార్కుల కోడ్ కూడా ఉంది, నాకు ఆ నిజాయితీ నచ్చుతుంది.

మధ్యలో రమ్మీ బ్యాచ్ గురించి కూడా చెప్పాలి. తెలంగాణలో 2017లో, ఏపీలో 2020లో డబ్బులతో ఆడే ఆన్‌లైన్ గేమ్స్ మీద నిషేధం వచ్చినప్పుడు “టార్‌లో కర్ణాటక పెట్టొచ్చా” అని అడిగినవాళ్ళున్నారు. టార్‌కి రాష్ట్రాలు తెలియవు బాబూ. ఆ యాప్‌లు చూసేది జీపీఎస్. 2025లో కేంద్ర చట్టం వచ్చాక ఆ గొడవే మారిపోయింది.

‘ఫైవ్ ఐస్’ బ్లాక్ చేసే మేధావులు

దేశం ఎంచుకునేవాళ్ళ కంటే కొంచెం పైస్థాయి వాళ్ళున్నారు. వీళ్ళు దేశాల్ని తీసేస్తారు. అమెరికా, యూకే, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ నిఘా సంస్థలు కలిసి పనిచేస్తాయి కాబట్టి ఆ ఐదింటినీ ఎక్స్‌క్లూడ్‌నోడ్స్‌లో పెట్టేస్తారు. ఇంకొందరు పద్నాలుగు దేశాలు పెడతారు. వినడానికి లాజిక్ బాగుంటుంది, అందుకే దీనికి జవాబు చెప్పడం కష్టం.

పద్నాలుగు దేశాల లిస్టులో జర్మనీ, నెదర్లాండ్స్, ఫ్రాన్స్ కూడా ఉంటాయి. టార్ నెట్‌వర్క్‌లో ఎక్కువ కెపాసిటీ ఉన్నది అక్కడే. అవి తీసేస్తే మిగిలిన కొద్ది రిలేల మీద మీ ట్రాఫిక్ అంతా పడుతుంది. మళ్ళీ చిన్న గదే. పైగా సర్వర్ ఒక దేశంలో ఉంటే కంపెనీ ఇంకో దేశానిది అవుతుంది. హెట్జ్నర్ జర్మన్ కంపెనీ, దాని డేటా సెంటర్ హెల్సింకీలో ఉంది. అక్కడి రిలే ఫిన్లాండ్ లెక్కలోకి వస్తుంది, మీ ‘జర్మనీ వద్దు’ రూల్‌కి చిక్కదు. రిలేల మధ్య కేబుల్స్ ఏ దేశాల గుండా పోతాయో అసలు మీ చేతిలో లేదు. ఫిన్లాండ్ నుంచి స్విట్జర్లాండ్ పోయే ప్యాకెట్ జర్మనీ మీదుగా పోతే టార్‌ఆర్‌సీ ఏం చేస్తుంది?

టార్‌ని కొట్టే అసలైన దెబ్బ రెండు చివర్లనీ ఒకేసారి చూడగలగడం. గార్డ్ వైపు మీరు ఎప్పుడు ఎంత డేటా పంపారు, అవతలి వైపు ఎప్పుడు ఎంత వచ్చింది, రెండూ పోల్చి చూస్తే మధ్యలో ఎన్ని పొరలున్నా మీరు దొరుకుతారు. 2024 సెప్టెంబరులో జర్మనీలో ఎన్‌డీఆర్ చానల్ జర్నలిస్టులు ఇలాంటి ఒక కేసు బయటపెట్టారు. పిల్లల మీద లైంగిక హింస వీడియోలు పంచుకునే సైటు నడిపిన ఒకడిని పోలీసులు టైమింగ్ విశ్లేషణతోనే గుర్తించారు. వాడు వాడుతున్న గార్డ్‌ని ముందు కనుక్కుని, ఆ గార్డ్‌కి కనెక్ట్ అవుతున్న కస్టమర్లు ఎవరో టెలిఫోనికా అనే టెలికాం కంపెనీ ద్వారా తేల్చారు. వాడు దొరకాల్సినవాడే, అందులో రెండో మాట లేదు. వాడు వాడిన చాట్ సాఫ్ట్‌వేర్ పాతదని, గార్డ్‌ని కాపాడే కొత్త రక్షణ అందులో లేదని టార్ ప్రాజెక్ట్ చెప్పింది. అదీ నిజమే. కానీ ఒక దేశం పోలీసులకు రిలేలూ, టెలికాం కంపెనీలూ రెండూ అందుబాటులో ఉంటే ఏం చేయగలరో ఆ కేసు చూపించింది.

ఇది తెలిశాక కొన్ని వీడియోలు చూస్తే నిజంగా తల పట్టుకోవాలనిపిస్తుంది. ఎంట్రీనోడ్స్‌లో డీఈ, ఎగ్జిట్‌నోడ్స్‌లో డీఈ, “స్పీడ్ కోసం రెండూ ఒకే దేశం పెట్టండి ఫ్రెండ్స్.” రెండు చివర్లూ తీసుకెళ్ళి ఒకే పోలీస్ స్టేషన్ పరిధిలో పెట్టడం అన్నమాట.

స్పీడ్ కూడా అలా పెరగదు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. మన దగ్గర నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ 7 వేల కిలోమీటర్లు అనుకున్నా పోయిరావడానికి కనీసం 70 మిల్లీసెకన్లు, కేబుల్ వంకర్లతో అంతకు మించి. దూరం వల్ల వచ్చే ఆలస్యం అంతే. టార్‌లో నెమ్మదితనం ఎక్కువగా రిలే మీద లోడ్ వల్ల వస్తుంది. దగ్గరలో ఉందని సింగపూర్ పెడితే, అక్కడి కాసిని రిలేల ముందు క్యూలో నిలబడతారు.

మరి ఎవరు వాడొచ్చు?

దేశం ఎంచుకునే ఆప్షన్ని పీకేయాలని నేను అనడం లేదు. మేము ఆఫీసులో ఒక సైటు జర్మనీ యూజర్‌కి కుకీ పర్మిషన్ సరిగా అడుగుతోందా, ధర యూరోల్లో చూపిస్తోందా అని టెస్ట్ చేయాలంటే అది పనికొస్తుంది. ఏ దేశంలో ఏ సైటు బ్లాక్ అయిందో పరిశీలించే రీసెర్చర్లకు పనికొస్తుంది. అక్కడ దాక్కోవడం ఎవరి లక్ష్యమూ కాదు. అలాంటి పనికి వేరే ఫోల్డర్‌లో ఇంకో టార్ బ్రౌజర్ పెట్టుకోండి, మీరు రోజూ వాడేదాన్ని ముట్టుకోకండి. ఫైల్ ఎడిట్ చేసే ముందు బ్రౌజర్ మూసేయండి, లేకపోతే అది నడుస్తూ తన సెట్టింగ్స్ మళ్ళీ రాసుకునే అవకాశం ఉంది.

నాకు అసలు అభ్యంతరం ఫోన్ల దగ్గర. టార్ బ్రౌజర్‌లో కనీసం ఒక ఫైల్ వెతికి తెరవాలి, ఆ శ్రమే కొంతమందిని ఆపుతుంది. ఆండ్రాయిడ్‌లో ఆర్బాట్ యాప్ అయితే ఎగ్జిట్ దేశం ఎంచుకోవడానికి జెండాల లిస్టే ఇస్తుంది. వీపీఎన్ యాప్‌లకు అలవాటైన చెయ్యి నేరుగా దాని మీదకే పోతుంది. ఆర్బాట్ చేసే గార్డియన్ ప్రాజెక్ట్ వాళ్ళ మీద నాకు గౌరవం ఉంది, కానీ ఆ లిస్టు అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో లోపలికి పోవాలి, నొక్కగానే ఒక హెచ్చరిక రావాలి. వీపీఎన్‌లో దేశం ఎంచుకోవడం షాపింగ్ లాంటిది. మీరు నమ్మేది ఒకే కంపెనీని, సర్వర్ ఎక్కడున్నా ఆ నమ్మకం మారదు. టార్‌లో ఎవరినీ నమ్మక్కర్లేకుండా ఉండటమే డిజైన్. రెండింటికీ ఒకేలాంటి బటన్ పెడితే యూజర్‌కి తేడా ఎలా తెలుస్తుంది?

ఒక సైటు టార్ నుంచి తెరుచుకోకపోతే అడ్రస్ బార్ పక్కన సర్క్యూట్ గుర్తు నొక్కి ‘న్యూ టార్ సర్క్యూట్ ఫర్ దిస్ సైట్’ కొట్టండి. కంప్యూటర్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎల్. ఎగ్జిట్ మారుతుంది, ఎంపిక మాత్రం టార్ చేతిలోనే ఉంటుంది. రెండు మూడుసార్లు కొడితే చాలా సైట్లు దారికొస్తాయి. హాస్టల్ వైఫైలో టార్‌నే బ్లాక్ చేస్తే దానికి మందు దేశం కోడ్ కాదు, కనెక్షన్ సెట్టింగ్స్‌లో ఉండే బ్రిడ్జిలు. అందులో స్నోఫ్లేక్ గానీ, ఓబీఎఫ్ఎస్4 గానీ ఎంచుకోండి.

టార్‌కి ఏదైనా చేయాలని ఉంటే ఇంట్లో ఎగ్జిట్ మాత్రం పెట్టకండి, పైన చెప్పిన కథలు మళ్ళీ చదవండి. స్నోఫ్లేక్ ఎక్స్‌టెన్షన్‌ని మీ మామూలు బ్రౌజర్‌లో వేసుకుని ఆన్‌లో ఉంచండి. టార్ బ్లాక్ అయిన దేశంలో ఉన్న ఎవరో మీ బ్రౌజర్ ద్వారా నెట్‌వర్క్ మొదటి మెట్టు ఎక్కుతారు. వాళ్ళు తెరిచే సైట్లకు మీ ఐపీ కనపడదు, ఎందుకంటే మీరు ఉన్నది లోపలికి పోయే దారిలో, బయటకు వచ్చే దారిలో కాదు. నా ల్యాప్‌టాప్‌లో అది రోజంతా నడుస్తూనే ఉంటుంది. ఫైబర్ కనెక్షన్ మీద తేడా ఏమీ తెలియలేదు. డేటా లిమిట్ ఉన్న మొబైల్ హాట్‌స్పాట్ మీద అయితే ఆపేసుకోండి.